చిలక తీసిన పటం

అలిపిరిలో పాదాల మండపానికి కొంచెం ఇవతల, ఒక చెట్టు నీడన గోనెపట్ట పరుచుకుని చిలక జోస్యం చెప్పే పెద్దాయన ఒకడు కూర్చునేవాడు. పదిహేనేళ్ళు దాటింది ఆ మాట. మెట్లెక్కబోయే జనమంతా ఆయన ముందు నుంచే పోవాలి. చెప్పులు సంచిలో దోపుకునేవాళ్ళు, మెట్టు మెట్టుకూ బొట్టు పెడతామని పసుపు కుంకుమ పొట్లాలు కొనేవాళ్ళు, స్వామి పాదుకలు నెత్తిన పెట్టుకుని మండపం చుట్టూ తిరిగేవాళ్ళు, వీళ్ళందరి కాళ్ళ సందులోంచి ఆయన పిలుపు వినిపించేది. "రా సామీ, కూసో. పేరు చెప్పు చాలు."

ఆరోజు మొక్కు తీర్చుకోవాలని ఇంట్లో చెప్పి వచ్చాను. అది అబద్ధం. చిత్తూరులో ఇల్లు కట్టి, కట్టేటప్పుడు ఎక్కడ ఎంత చేయి చాపానో లెక్క పెట్టుకోక, అప్పు ఇచ్చినవాళ్ళ ఫోన్లు తప్పించుకోవడానికి వచ్చాను. 3,550 మెట్లు ఎక్కేంతసేపు ఫోను ఎత్తకపోయినా ఎవరూ ఏమీ అనుకోరు గదా. అదీ నా భక్తి.

కూర్చున్నాను. పేరు చెప్పాను. ఆయన పంజరం తలుపు ఎత్తాడు. చిలక బయటికొచ్చి, వరసగా పేర్చిన పటాల మీద నడిచింది. ఒకదాన్ని ముక్కుతో లాగి పక్కన పడేసింది, ఇంకొకదాన్ని పడేసింది, మూడోదాన్ని ఆయన చేతికిచ్చి, ఒక గింజ తిని, ఎవరూ చెప్పకుండానే పంజరంలోకి వెళ్ళిపోయింది. ఆయన పటం మడత విప్పాడు. వేంకటేశ్వరస్వామి. మూలలు నలిగి, రంగు వెలిసి, మధ్యలో మడత గీత స్వామి నడుం మీదుగా పోయి ఉంది.

"ఏడుకొండలోడే వచ్చినాడు సామీ! ఇచ్చే చెయ్యి చూడు, ఎట్ల చాపినాడో. మూడు నెలల్లో నీకు డబ్బు చేతికొస్తాది. నీ మనసు వెన్నపూస, నోరు మాత్రం కొంచెం కటువు. నువ్వు పెట్టిన కూడు తిన్నోళ్ళే నీ ఎనకాల మాట్లాడతారు. ఎంత చేసినా నీకు పేరు రాదు."

ప్రతి మాటా నా కోసమే అచ్చేసినట్టు ఉంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి కూడా.

ఈ అధ్యాయం ఆ ఒక్క పటం గురించి. జోస్యం నిజమైందా అని మీరు అడుగుతారు కాబట్టి ముందే చెబుతున్నాను: మూడు నెలల్లో డబ్బేమీ రాలేదు. అయినా ఆ పటం నాకు చేసిన మేలు చిన్నది కాదు.

చిలక జోస్యంలో మామూలుగా 27 పటాలుంటాయి, ఇరవై ఏడు నక్షత్రాల లెక్కన. ఎక్కువ దేవుళ్ళ బొమ్మలే. కొన్ని కట్టల్లో బుద్ధుడూ, బాలయేసును ఎత్తుకున్న మేరీమాతా కూడా కనిపిస్తారు. వచ్చేవాళ్ళు అన్ని మతాలవాళ్ళూ కదా. ఇప్పుడు ఈ విద్య బాగా తగ్గింది, తగ్గడమే మంచిది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన చిలకల్ని పట్టి పంజరంలో పెట్టడం నేరం. దాని రెక్కలు కత్తిరించి మన రాత చదివించుకోవడం ఏ రకంగా చూసినా బాగోలేదు. ఇవాళ చిలక స్థానంలోకి ఫోను వచ్చింది. పిల్లలు టారో అంటున్నారు, పొద్దున్నే ఒక కార్డు తీసి చూసుకుంటున్నారు. చిలకైనా ఫోనైనా జరిగేది ఒకటే. మన మనసులో ఒక ముడి ఉంటుంది, ఎదురుగా ఒక బొమ్మ వస్తుంది.

ముందు ఆయన మాటల సంగతి చూద్దాం. "నీ మనసు వెన్నపూస" అంటే కాదనే మనిషిని మీరెక్కడైనా చూశారా? 1948లో అమెరికాలో బెర్ట్రమ్ ఫోరర్ అనే మనస్తత్వశాస్త్ర అధ్యాపకుడు తన తరగతిలోని 39 మంది విద్యార్థులకు ఒక పరీక్ష పెట్టి, తర్వాత ఎవరి స్వభావం వాళ్ళకు కాగితం మీద రాసి ఇచ్చాడు. ఎంత సరిపోయిందో అయిదుకు మార్కులు వేయమన్నాడు. సగటు నాలుగు దాటింది. తర్వాత చూస్తే అందరికీ ఇచ్చింది ఒకే కాగితం. అందులోని వాక్యాలు చాలావరకు అంగట్లో అమ్మే జ్యోతిషం పుస్తకంలోంచి తీసినవి. అలిపిరి పెద్దాయన ఏ కళాశాలకూ పోకుండానే ఆ కాగితాన్ని నోటికి నేర్చుకున్నాడు. ఆయన్ని తప్పు పట్టడం లేదు. రోజుకు యాభై మంది ముఖాలు చదివే మనిషికి, మనుషులందరూ ఒకేచోట నొచ్చుకుంటారని తెలిసిపోతుంది.

కాబట్టి మాటలు పక్కన పెట్టాను. అప్పటికప్పుడు పెట్టలేదు, మెట్లెక్కుతూ పెట్టాను. తలయేరుగుండు దగ్గర జనం బండకు మోకాళ్ళూ నుదురూ ఆనించి మొక్కుతున్నారు, బండ మీది గుంతలు అలా పడ్డవే అంటారు. అక్కడ కూర్చుని నీళ్ళు తాగుతుంటే ఒక విషయం తట్టింది. "ఇచ్చే చెయ్యి" అన్నాడాయన. పటంలో ఆ చెయ్యి నా వైపు చాపి లేదు. కిందికి చూపిస్తోంది.

మీ ఇంట్లో కూడా ఈ పటం ఉండే ఉంటుంది. క్యాలెండరు మీదో, పూజగదిలోనో, బీరువా తలుపు లోపలివైపో. రోజూ చూసేదే, ఎప్పుడూ చూడనిదే. లేచి వెళ్ళి ఒకసారి చూసి రండి, చదవడం ఎక్కడికీ పోదు.

చూశారా? కుడిచెయ్యి వరదహస్తం, అరచెయ్యి మనవైపు, వేళ్ళు నేలవైపు. తన పాదాలను చూపిస్తున్నాడని పెద్దలు చెబుతారు. ఎడమచెయ్యి కటిహస్తం, నడుం దగ్గర ఆనించి ఉంటుంది. దీనికి వైష్ణవ సంప్రదాయంలో ఒక చక్కటి వివరణ ఉంది: ఈ పాదాలు పట్టుకున్నవాడికి సంసారసాగరం నడుంలోతే, మునగడు అని. మా నాయన ఈ మాట నా చిన్నప్పుడే చెప్పాడు. అప్పుడది దేవుడి సంగతిలే అనుకున్నాను. నా సంగతి అని తట్టడానికి నలభై ఏళ్ళూ, ఆరు రకాల అప్పులూ కావలసి వచ్చాయి.

ఎందుకంటే ఆ ఎడమచెయ్యి లోతు చెబుతోంది. చెరువులో దిగబోయే పిల్లవాడికి ఒడ్డున ఉన్న పెద్దవాళ్ళు ఎలా చెబుతారో గుర్తు చేసుకోండి. నోటితో చెప్పరు, నడుం మీద చెయ్యి పెట్టి "ఇంతవరకే" అని చూపిస్తారు. నా భయం ఎంత లోతో నేను ఎప్పుడూ చూసుకోలేదు. మెడదాకా వచ్చిందనుకుంటూ, మెడ ఎత్తి, ఊపిరి బిగబట్టి తిరుగుతున్నాను. నీళ్ళు నిజంగా ఎక్కడిదాకా ఉన్నాయో కిందికి చూస్తే కదా తెలిసేది. కుడిచెయ్యి కిందికి చూడమంటోంది. ఎడమచెయ్యి ఇంతే లోతంటోంది. జోస్యం చెప్పినాయనకు మాత్రం ఆ పటంలో నోట్ల కట్టలు కనిపించాయి.

ఇంకొక సంగతి. ఈ పటంలో ఉన్నది మామూలు దేవుడు కాదు, అప్పున్న దేవుడు. పద్మావతితో పెళ్ళికి కుబేరుడి దగ్గర అప్పు చేశాడనీ, పత్రం రాసిచ్చాడనీ, బ్రహ్మా శివుడూ రావిచెట్టూ సాక్షులనీ, కలియుగం అయ్యేదాకా వడ్డీ కడుతూనే ఉంటాడనీ కథ. వడ్డికాసులవాడు అని పేరు పెట్టుకుని మరీ పిలుస్తాం. కిందికి దిగి తిరుపతిలో ఆయన అన్న గోవిందరాజస్వామి గుడికి పోతే అక్కడ ఆ అన్న పడుకుని ఉంటాడు. తమ్ముడి అప్పు తీర్చడానికి వచ్చిన సొమ్ము కొలిచి కొలిచి అలిసిపోయి, కొలిచిన కుంచమే తలకింద పెట్టుకున్నాడని ఊళ్ళో చెబుతారు. కొండ మీద కొప్పెరలో పడ్డదంతా పరకామణిలో రోజూ లెక్కపెడతారు. ఈ ఊరి కథలన్నీ ఒకచోట పెట్టి చూడండి, ఎక్కడ చూసినా ఒక కొలత కనిపిస్తుంది. దేవుడి అప్పు లోకమంతటికీ తెలుసు. దాన్ని కొలవడానికి ఒక అన్న, ఒక కుంచం. నా అప్పు నా భార్యకు కూడా తెలియదు.

ఇంకొకటి చెప్పాలి, ఎవరూ పెద్దగా పట్టించుకోరు. పై రెండు చేతుల్లో శంఖచక్రాలు కనిపిస్తాయి కదా. మామ ఆకాశరాజు పోయాక రాజ్యం కోసం ఆయన తమ్ముడు తొండమానుడికీ కొడుక్కీ యుద్ధం వస్తే, స్వామి ఆ ఆయుధాలు తొండమానుడికిచ్చి తాను బావమరిది వైపు నిలబడ్డాడట. అత్తగారింటి తగాదాలో అంత సమంగా నిలబడిన అల్లుణ్ణి నేను ఇంకెక్కడా వినలేదు. నా అప్పుల్లో ఒకటి బావమరిది దగ్గర తీసుకున్నదే, అందుకే గాలిగోపురం ఎక్కేటప్పుడు ఈ కథ గుర్తొచ్చినట్టుంది.

ఇక్కడ ఆగి ఒక మాట గురించి చెప్పాలి. జోస్యాన్ని మనవాళ్ళు ఎరుక అన్నారు. ఎరుకలసాని వచ్చి ఎరుక చెబుతుంది. అదే మాటకు తెలివిడి అని అర్థం, తెలిసి ఉండటం అని అర్థం. ఎరుకలేనివాడు అంటే తెలియనివాడు. భవిష్యత్తును చూడటానికీ ఉన్నదాన్ని తెలుసుకోవడానికీ మన భాష ఒకే మాట పెట్టుకుంది. ఇది ఊరికే జరిగింది కాదేమో అనిపిస్తుంది, తిరుపతికి దగ్గర్లో ఉన్న నారాయణవనం కథ వింటే.

వేటకు వచ్చిన శ్రీనివాసుణ్ణి చూసిన పద్మావతి ఇంటికెళ్ళి మంచం పట్టింది. అన్నం తినదు, మాట్లాడదు. తల్లి ధరణీదేవి వైద్యుల్ని పిలిపించింది, పూజలు చేయించింది. అప్పుడు వీధిలో ఎరుక చెబుతానంటూ ఒక ఎరుకలసాని వచ్చింది. లోపలికి పిలిచారు. ఆమె చెయ్యి చూసి చెప్పింది: మీ అమ్మాయికి రోగమేమీ లేదు తల్లీ, కొండ మీద ఉన్నాయన మీద మనసుపడింది, వాళ్ళిద్దరికీ పెళ్ళి చేయండి, అంతా కుదుటపడుతుంది. వచ్చింది శ్రీనివాసుడే, ఆడవేషంలో.

ఈ కథలో మనకు పనికొచ్చేవి రెండున్నాయి. ఎరుకలసాని రాబోయేది చెప్పలేదు. ఆ ఇంట్లో అప్పటికే ఉన్నదాన్ని చెప్పింది. పద్మావతికి తెలుసు, నోట రాలేదు. తల్లికి అనుమానం ఉండే ఉంటుంది, అడగలేకపోయింది. ఇద్దరి మధ్యా ఉన్న మాటను మూడో మనిషి వచ్చి పైకి అన్నది. మంచి పటం చేసే పని ఇదే. మీకు తెలియనిది అది చెప్పదు. తెలిసీ మీరు అనలేకపోతున్న మాటను అనిపిస్తుంది. నేను మెట్ల మీద కూర్చుని "నేను అప్పుల్లో ఉన్నాను" అని మొదటిసారి మనసులో గట్టిగా అనుకున్నది ఆ పటం చూసినందుకే. అంతకుముందు "కొంచెం టైటుగా ఉంది" అనేవాణ్ణి.

రెండోది కొంచెం కొంటెగా అనిపిస్తుంది. ఎరుక చెప్పింది పెళ్ళికొడుకే! చెప్పిన మాట నిజమే, పెళ్ళీ మంచిదే, కానీ చెప్పినవాడికి అందులో తన పని తనకుంది. దేవుడు కాబట్టి సరిపోయింది. మీకు ఎవరైనా జోస్యం చెబితే, "ఇందులో ఈయనకు ఏమొస్తుంది?" అని లోపల ఒక్కసారి అడుక్కోండి. ఇరవై రూపాయలతో పోయేదైతే పరవాలేదు. శాంతి చేయించాలి, తాయెత్తు కట్టాలి, ఉంగరం పెట్టుకోవాలి, దానికి పదిహేను వేలు అవుతుంది అంటే లేచి రండి. అప్పులో ఉన్నవాడి చేత ఇంకో అప్పు చేయించే పరిహారం ఏ శాస్త్రంలోనూ పరిహారం కాదు. అలాగే ఒంట్లో బాగోలేనప్పుడు డాక్టరు దగ్గరికీ, కోర్టు కాగితం వచ్చినప్పుడు లాయరు దగ్గరికీ పోవాలి. పటం దగ్గరికి కాదు.

ఆ రాత్రి కొండ మీద దర్శనం అయ్యాక, పొద్దున్నే బస్సులో కిందికొచ్చి, బస్టాండు దగ్గర నలభై పేజీల నోటుబుక్కు ఒకటి కొన్నాను. చిత్తూరు చేరేలోపు రాశాను. చేబదులు 60,000. నగలు కుదువ పెట్టింది 1,10,000. పాడిన చీటీకి ఇంకా కట్టాల్సింది నెలకు 5,000 చొప్పున 14 నెలలు, 70,000. బావమరిదికి 1,50,000. వడ్డీకి తెచ్చింది 2,00,000. బ్యాంకు ఇంటి అప్పు వేరు, అది జీతంలో కోసుకుంటారు, దాని గురించి నాకు నిద్ర పట్టకపోవడం లేదు. మొత్తం కూడితే 5,90,000. పది లక్షలు దాటిపోయిందని నేను ఏడాదిగా అనుకుంటున్నాను. ఎవరైనా అడిగితే పది అనే చెప్పేవాణ్ణేమో, కానీ ఎవరికీ చెప్పలేదు.

ఇంటికెళ్ళి నోటుబుక్కు నా భార్య చేతికిచ్చాను. ఆమె చదివింది. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత అంది: "ఇంతేనా? నేనింకా ఇల్లు అమ్మాల్సి వస్తాదేమో అనుకుంటా ఉండా."

నేను దాచానని అనుకున్నదాన్ని ఆమె నాకంటే పెద్దదిగా ఊహించుకుని, నాకు తెలియకుండా మోస్తోంది. దాపరికంతో జరిగే నష్టం ఇదే. దాచినవాడు ఒక కొలత ఊహిస్తాడు, పక్కనున్నవాళ్ళు ఇంకా పెద్ద కొలత ఊహిస్తారు. అసలు నీళ్ళు నడుందాకా ఉంటాయి, ఇద్దరూ మెడదాకా తడిసినట్టే వణుకుతుంటారు.

తర్వాత ఏం చేశామో చెబుతాను, ఎందుకంటే ఈ పుస్తకం ధైర్యం చెప్పి ఊరుకునే పుస్తకం కాదు. వడ్డీకి తెచ్చిన రెండు లక్షలు నూటికి మూడు రూపాయల మీద తెచ్చాను. మన దగ్గర ఈ లెక్క చాలామందిని ముంచుతుంది, ఎందుకంటే "మూడు రూపాయలు" అంటే చిన్నదిగా వినిపిస్తుంది. అది నెలకు. ఏడాదికి ముప్పై ఆరు శాతం. నెలకు 6,000, ఏడాదికి 72,000, మూడేళ్ళకు వడ్డీయే 2,16,000. అసలును దాటిపోయింది, అసలు మాత్రం అలాగే ఉంది. మా ఆవిడ మిగిలిన గొలుసూ గాజులూ ఇచ్చింది. అవి బ్యాంకులో పెడితే దాదాపు రూపాయి వడ్డీకి రెండు లక్షలు వచ్చింది. మూడు రూపాయల అప్పు మొత్తం ఒకేసారి తీర్చేశాం. నెలకు 6,000 పోయే చోట 2,000 పోవడం మొదలైంది. మిగిలిన నాలుగు వేలు చేబదులు ఇచ్చిన స్నేహితుడికి. ఎక్కువ వడ్డీది ముందు తీర్చాలన్నది ఎవరికైనా తెలిసిన సంగతే, కానీ కాగితం మీద వడ్డీలు పక్కపక్కన రాసుకున్నవాళ్ళకే అది కనిపిస్తుంది. ఒక హెచ్చరిక: అప్పు తీర్చడానికి అప్పు చేయడం కొత్త వడ్డీ పాతదానికంటే తక్కువైతేనే, కొత్తగా ఇంకో అప్పు చేయబోమని ఇద్దరూ అనుకుంటేనే పనికొస్తుంది. లేకపోతే రెండు గుంతలు అవుతాయి.

బావమరిదికి నేనే ఫోను చేసి, ఇంత బాకీ ఉన్నాను, ఫలానా నెల నుంచి ఇంత ఇస్తాను అని చెప్పాను. ఆయన కాసేపు ఆగి, "నువ్వు మర్చిపోయినావేమో అనుకున్నా బావా" అన్నాడు. ఆయనకు డబ్బు కంటే అదే ఎక్కువ బాధగా ఉండిందట.

ఇక టారో సంగతి. తిరుపతి మనిషి టారో గురించి ఎందుకు చెప్పాలి అనుకోవచ్చు. మా అమ్మాయి ఒకసారి ఫోనులో ఒక కార్డు చూపించింది, అందుకు చెబుతున్నాను. టారో అనేది అసలు జోస్యానికి పుట్టింది కాదు. పదిహేనో శతాబ్దంలో ఉత్తర ఇటలీలో ఆడుకునే పేకగా మొదలైంది. జోస్యం చెప్పడానికి వాడటం పద్దెనిమిదో శతాబ్దం చివర్లో ఫ్రాన్సులో ఊపందుకుంది. మనకూ గంజీఫా ఉండేది, దశావతారాల బొమ్మలతో గుండ్రటి పేకముక్కలు, పది అవతారాలకూ పన్నెండేసి చొప్పున 120. మనం వాటితో ఆడుకున్నాం, జోస్యానికి చిలకను పెట్టుకున్నాం. ఇవాళ ఎక్కువమంది వాడే టారో కట్ట 1909లో లండన్‌లో రైడర్ కంపెనీ వేసింది. 78 బొమ్మలూ పామెలా కోల్మన్ స్మిత్ అనే ఆమె గీసింది, వేయించింది వెయిట్ అనే ఆయన. చాలాకాలం ఆమె పేరు ఎవరూ చెప్పలేదు. ఎంత చేసినా పేరు రాని మనిషంటే ఆమె.

మా అమ్మాయి చూపించిన కార్డులో ఒక ధనవంతుడైన వర్తకుడు నిలబడి ఉన్నాడు. ఎదురుగా ఇద్దరు మోకాళ్ళ మీద కూర్చుని చేతులు చాపారు. ఆయన ఒక చేత్తో నాణేలు వేస్తున్నాడు. నాణేల రంగులో ఆరోది, అందుకే చుట్టూ ఆరు నాణేలు. "దీనికి అర్థం దానం నాన్నా, డబ్బు వస్తుందని" అంది. అలిపిరి పెద్దాయన గొంతు వినిపించింది నాకు. "ఇంకో చేతిలో ఏముంది?" అని అడిగాను. దగ్గరికి తెచ్చి చూసింది. తక్కెడ.

ఈ బొమ్మను ఎవరికి చూపించినా మొదట చేతిలోంచి పడే నాణేలను చూస్తారు. డబ్బు అవసరం ఉన్నవాడు మోకాళ్ళ మీద ఉన్న ఇద్దరిలో తనను చూసుకుంటాడు. ఇవ్వగలిగినవాడు నిలబడ్డవాడిలో చూసుకుంటాడు. తక్కెడను చూసేవాళ్ళు తక్కువ. వేల మైళ్ళ దూరంలో, వేరే దేవుళ్ళున్న ఊళ్ళో గీసిన బొమ్మలో కూడా ఇచ్చే చెయ్యి పక్కన కొలిచే చెయ్యి ఉంది. నడుం మీద చెయ్యి, తలకింద కుంచం, చేతిలో తక్కెడ. మా అమ్మాయికి ఇదంతా చెబితే, "నువ్వు ఏ కార్డు తీసినా అప్పుల దగ్గరికే వస్తావు నాన్నా" అంది. నిజమే. అందుకే ఈ పద్ధతి మీరు మీ ముడితో చేయాలి, నా ముడితో కాదు.

ఎలా చేయాలంటే, ముందు ప్రశ్న రాసుకోవాలి. బొమ్మ చూశాక కాదు, చూడకముందు. చిలక ముందు నేను చేసిన తప్పు అదే, పేరు ఒక్కటే చెప్పాను, ఏమడుగుతున్నానో చెప్పలేదు. ప్రశ్న "అవుతుందా, కాదా" అని ఉండకూడదు. "ఉద్యోగం వస్తుందా?" అని అడిగితే బొమ్మ ఏదైనా మీరు వస్తుందనే చదువుకుంటారు, లేదా రాదనే. "ఉద్యోగం గురించి నేను ఎవరికి చెప్పడం లేదు?" అని అడగండి. "పెళ్ళి కుదురుతుందా?" అనే బదులు "ఈ సంబంధంలో నన్ను ఏది ఆపుతోంది?" అని. ఎంత, ఎవరికి, ఎప్పటినుంచి, ఏది అనే మాటల్లో ఒకటి ప్రశ్నలో ఉండేలా చూసుకోండి.

తర్వాత బొమ్మ. చిలక వద్దు. ఇంట్లో ఉన్న ఏ బొమ్మైనా సరే. పూజగదిలో దేవుడు, తాతగారి ఫోటో, టారో కార్డు, అగ్గిపెట్టె మీది లేబులు. అగ్గిపెట్టె అంటే నవ్వకండి, నాకు తెలిసిన ఒక టీచరు అలాగే చేసేది. బొమ్మలో ఉన్నవాటిని అర్థాలు పెట్టకుండా రాయండి. కుడిచెయ్యి కిందికి ఉంది. కళ్ళు నామం చాటున సగమే కనిపిస్తున్నాయి. గడ్డం మీద పచ్చకర్పూరం. ఇలా. అర్థాలు తొందరపడి వస్తాయి, వాటిని కాసేపు గుమ్మం బయట నిలబెట్టాలి. పది వివరాలు రాసేసరికి, వాటిలో ఒకటి రాస్తున్నప్పుడు చెయ్యి ఆగుతుంది. నాకు "కిందికి" దగ్గర ఆగింది. ఆగినచోట ఉన్నదే మీ మాట. దాన్ని ప్రశ్న పక్కన పెట్టి చదవండి. ఆ తర్వాత ఆ వారం చేయగలిగిన ఒక పని రాయండి, ఫోను చేయడమో, లెక్క రాయడమో, ఒకరిని అడగడమో. తారీఖు వేయండి.

ఏమీ ఆగకపోతే? ఆగకపోవచ్చు. ఆ రోజుకు వదిలేయండి. రోజూ ఇదే పనిగా కార్డు తర్వాత కార్డు తీసేవాళ్ళను చూశాను. నచ్చినది వచ్చేదాకా చిలకను మళ్ళీ మళ్ళీ బయటికి పిలిచేవాళ్ళు. పెద్దాయన దగ్గరా అలాంటివాళ్ళు వచ్చేవాళ్ళట. "రెండోసారి అడిగితే చిలక తియ్యదు సామీ, దానికి తెలుస్తాది" అనేవాడు. నిజం ఏమిటంటే గింజ ఒకటే ఇచ్చేవాడు.

తర్వాత ఒకటి రెండుసార్లు ఆయన్ని కలిశాను. ఒకసారి అడిగాను, నీ కోసం నువ్వెప్పుడైనా పటం తీయించుకున్నావా అని. "నాకెందుకు సామీ? ఎవురికి ఎంత ఇయ్యాల్నో నాకు తెలుసు గదా" అని, చొక్కా జేబులోంచి మడతపెట్టిన కాగితం తీసి చూపించి, మళ్ళీ లోపల పెట్టుకున్నాడు. ఏమి రాసుందో చూడలేదు. ఆ తర్వాత చెట్టు కింద ఆయన లేడు.

నోటుబుక్కు ఇప్పటికీ నా దగ్గరుంది. అట్ట పోయింది. అప్పులన్నీ ఒక్కొక్కటిగా కొట్టివేసి ఉంటాయి, పక్కన తారీఖులు, బావమరిది అప్పు దగ్గర మా ఆవిడ చేతిరాతతో ఒక టిక్కు. అన్నిటికంటే పైన, చేబదులు కంటే ముందు, పెన్ను రాస్తోందో లేదో చూడటానికి బస్సులో రాసిన మొదటి పద్దు ఒకటుంది: చిలక జోస్యం, 20 రూపాయలు.